గర్భిణీ స్త్రీల చర్మవికారములు



నేను వైద్యుడను గాను. ముప్పదియేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలో తెలుగు, సంస్కృతములు బోధించి విశ్రాంతి గైకొన్నవాడను. చిన్ననాడు గురువుల యొద్ద కావ్యములతోపాటు కొంత ఆయుర్వేద గ్రంథపఠనమును జేసితిని. అట్టివాడు గర్భిణీ స్త్రీల చర్మమునకు గలుగు వికారములను గూర్చి మాటలాడుట యేల యని మీకు దోపవచ్చును. “ఇది ఆడువారి విషయము, మనకేల?” యని మీలో కొందరు రేడియో కట్టివేయను బోవచ్చును. ఒకప్పుడు నేనును అట్లే తలచినవాడను. ఆ తలంపువలన మా యింట జరిగిన కీడు మీ యిండ్లలో జరుగకుండుటకే యీ నాలుగు మాటలు చెప్ప బూనితిని. దయతో తుదవరకు వినుడు.

ముందుగా భయపడ నక్కరలేని వానిని చెప్పెదను. గర్భము నిలిచిన నాటినుండి స్త్రీ శరీరమున హార్మోనులు అను రసములు అధికముగా పుట్టును. వాని ప్రభావమున చర్మమునకు రంగునిచ్చు కణములు మిక్కిలి పని చేయును. అందుచే చెక్కిళ్లమీదను, నుదుటిమీదను, పై పెదవిమీదను గోధుమవన్నె మచ్చలు వచ్చును. వీనినే మన యాడువారు మంగు అందురు. బొడ్డునుండి క్రిందికి నల్లని గీత యొకటి పొడచూపును. మెడ, చంకలు మున్నగుచోట్ల చర్మము నల్లబడును. కడుపు పెరిగినకొలది చర్మము సాగి, దాని లోపొర చీలి, పొట్టమీదను తొడలమీదను చారలు పడును. ఇవి రోగములు గావు. బిడ్డకు వీనివలన కీడు లేదు. నల్లని గీత పురుడైన కొన్ని నెలలకు పలుచబడును. మంగును చాలమందికి అట్లే తగ్గును, కొందరికి మాత్రము కొంత నిలిచిపోవును. చారలు తెల్లబడి, సన్నబడి, ఉండిపోవును. ఎండ సోకినకొలది మంగు ముదురును గనుక, పొలము పనికి బోవు చూలాలు తలమీదుగా ముఖమునకు నీడ పడునట్లు కొంగు కప్పుకొనుట మేలు. కొబ్బరినూనె వ్రాసికొన్నచో చర్మము పొడిబారకుండును. చారలనే పోగొట్టునని చెప్పి పెద్ద వెలకు అమ్ము నూనెలకు సొమ్ము వ్యయపరచుట వ్యర్థము.

మచ్చలనుజూచి కోడలిని “రంగు పోయినది” అని చిన్నబుచ్చుట మాత్రము తగదు. అట్టి మాటలు విన్న పిల్లలే అంగడికి బోయి తెల్లబడు లేపనములు తెచ్చుకొందురు. అట్టి కొన్ని లేపనములలో స్టెరాయిడులు, పాదరసము కూడ కలిసియుండుట కలదు. పాదరసము తల్లికిని, కడుపులోని బిడ్డకును విషము. మొటిమలకు వాడు ఐసోట్రెటినాయిన్ అను మాత్ర గర్భస్థ శిశువునకు అవయవలోపములు గలిగించునదని బాగుగా నిర్ధారణ యైనది. కాబట్టి వైద్యునికి జూపనిదే గర్భిణి యే లేపనమును పూయరాదు, ఏ మాత్రను మ్రింగరాదు.

ఇక చికిత్స గావలసినవి కొన్ని గలవు. గజ్జి, తామర గర్భిణికిని వచ్చును. వీనికి గర్భకాలమున వాడదగిన పైపూత మందులు వైద్యు లిత్తురు. గజ్జి యైనచో ఇంటిల్లిపాదియు ఒకేసారి మందు వాడి, పక్కబట్టలు వేడినీట నుతికి యెండవేయనిదే అది పోదు. నెలలు నిండువేళ, ముఖ్యముగా తొలిచూలునందు, కొందరికి పొట్టమీది చారలలో ఎర్రని దద్దుర్లు పొటమరించి, తొడలకు, చేతులకు ప్రాకి, మిక్కిలి దురద పెట్టును. ఈ దద్దుర్లు బొడ్డు చుట్టును మాత్రము సాధారణముగా రావు. ఇది చూచుటకు భయంకరమైనను బిడ్డకు కీడు చేయదు. పురుడైన కొన్ని వారములలో తనంతనే శమించును. బొడ్డు చుట్టును మొదలై నీటిబొబ్బలు లేచు మరియొక వ్యాధి గలదు. అది మిక్కిలి అరుదు. అయినను దానిని వైద్యునికి వెంటనే జూపవలయును. జ్వరముతో గూడిన పొక్కులు ఆటలమ్మ కావచ్చును. అప్పుడు అమ్మవారు పోసినదని వేపమండలు గట్టి ఇంట నుంచుకొనక, గర్భిణిని ఆస్పత్రికి జేర్చవలయును. గర్భిణికి ఆటలమ్మ ఊపిరితిత్తులకు దిగి ప్రాణాపాయము దెచ్చుట కలదు. ఇరుగుపొరుగుల ఆటలమ్మ పోసిన యింటికి చూలాలిని పంపకుండుట మరియు మంచిది.

ఇంతవరకు చెప్పినవన్నియు కంటికి గనబడునవి. కంటికి గనబడని దొకటి గలదు. దానిని చెప్పుటకే నేడు వచ్చితిని.

చరకసంహితలోని శారీరస్థానమున, ఎనిమిదవ యధ్యాయములో, ఏడవ నెల గర్భిణికి గలుగు దురదను గూర్చిన ప్రస్తావన గలదు. బిడ్డకు వెండ్రుకలు మొలచుటచే తల్లికి మంట పుట్టునని స్త్రీలు చెప్పుకొందురట. అది కాదని ఆత్రేయ మహర్షి చెప్పెను. పెరుగుచున్న గర్భము ఒత్తుటచే దోషములు రొమ్మునకు జేరి మంట పుట్టించుననియు, దానివలన దురదయు, దురదవలన కిక్కిస మను చర్మవికారమును, అనగా చర్మము చీలి చారలు పడుటయు గలుగుననియు ఆయన మతము. రొమ్ములకును పొట్టకును చందనము, తామరతూడు నూరి పూయవలెననియు, గోళ్లతో గీరరాదనియు, నూనెయు ఉప్పును తగ్గించి తీయని యాహార మీయవలెననియు అందు జెప్పబడినది. బిడ్డ వెండ్రుకల మాట మా తల్లిగారును అనగా నేను చిన్నతనమున వింటిని.

2004వ సంవత్సరమున మా పెద్దమ్మాయి తొలిచూలుకు పుట్టింటికి వచ్చినది. ఎనిమిదవ నెల తుదిని ఒకనాటి యుదయమున నా భార్య నాకడకు వచ్చి, “పిల్ల రాత్రులు నిదురపోవుట లేదు. ఒడలు గీరుకొనుచునే యున్నది” అని చెప్పెను. నేను బీరువాలోని పుస్తకము దీసి, కండ్లజోడు తగిలించుకొని, ఆ ఘట్టము చదివి, కొంత గర్వముతోనే అర్థము వివరించితిని. చందనము తీయించితిని. ఉప్పు తగ్గింప జెప్పితిని. ఇరుగుపొరుగువారు ఉమ్మనీటి వేడి యనిరి. ఆ మాటకును ఔననే తల యూచితిని. ఆస్పత్రికి మామూలుగా చూపించుకొనుటకు బోయిననాడు ఈ దురద ముచ్చట మాలో నొక్కరును వైద్యునకు జెప్పలేదు. దురదయు ఒక రోగమేనా యని మా యుద్దేశము.

రెండు వారములు గడచినవి. ఒకనాటి తెల్లవారుజామున అమ్మాయి లేచి కూర్చుండి, బిడ్డ కదలుట లేదని చెప్పినది. బండి కట్టించుకొని పట్టణమునకు బోవునప్పటికి అంతయు ముగిసినది. మగబిడ్డ. అవయవములన్నియు చక్కగానే యున్నవి. దైవసంకల్ప మని ఒకరి నొకరు ఓదార్చుకొంటిమి. దురదను గూర్చి మరల నెవ్వరును తలపెట్టలేదు.

2011లో మా చిన్నమ్మాయి పురిటికి వచ్చినది. ముప్పదిమూడవ వారమున ఒకనాటి రాత్రి రెండు గంటలవేళ నేను లేచి పెరటిలోనికి బోగా, ఆ పిల్ల బావిగట్టున కూర్చుండి, తడిసిన బండమీద అరికాళ్లు ఆనించి, అరచేతులు నీళ్లలో ముంచి యుండెను. “ఏమమ్మా?” యని యడిగితిని. “అరికాళ్లు, అరచేతులు నవ పెట్టుచున్నవి నాన్నగారూ. పగలు కొంత తాళగలను గాని రాత్రి తాళలేకున్నాను” అనెను. దీపము దెచ్చి చూచితిని. పొక్కు లేదు, దద్దురు లేదు. గీరిన గీతలు తప్ప మరేమియు గానరాలేదు. అప్పుడు ఇంటికి వచ్చియున్న పెద్దమ్మాయి గడపలో నిలుచుండి, “నాన్నగారూ, నాకును అచ్చముగా ఇట్లే యుండెను” అని మెల్లగా చెప్పినది.

ఏడేండ్ల తరువాత ఆ మాట నాకు మొదటిసారి తెలిసినది. ఆనాడు నేను పుస్తకమును జూచితిని గాని పిల్ల చేతులను చూడనైతిని. పుస్తకములోని దురద పొట్టమీదిది, చారలతో గూడినది. మా పిల్ల దురద అరచేతులలోనిది, చార లేనిది. ఎక్కడ దురద యని యడిగియుండినచో, రెండును వేరని పదియేండ్ల విద్యార్థియు చెప్పియుండును.

తెల్లవారగనే పట్టణమునకు బోతిమి. అక్కడి వైద్యురాలు అమ్మాయిని చూచి మూడు ప్రశ్నలు వేసినది. అరచేతులలోనా? రాత్రివేళ హెచ్చునా? మీ తల్లికి గాని, అక్కకు గాని యిట్లుండెనా? మూడింటికిని ఔననియే యుత్తరము. రక్తము తీసి పరీక్షకు బంపి, నన్ను గూర్చుండబెట్టి, “మాస్టారూ, ఇది చర్మపు వ్యాధి కాదండి, కాలేయపు వ్యాధి” అని యామె చెప్పిన వివరమును నేను తరువాత తెలిసికొన్న విషయములతో జేర్చి మీకు విన్నవించుచున్నాను.

కాలేయము పిత్తరసమును జేసి సన్నని నాళముల ద్వారా ప్రేగులకు బంపుచుండును. గర్భకాలపు హార్మోనుల ప్రభావముచే కొందరు స్త్రీలకు ఈ పిత్తము కాలేయమునుండి సరిగా వెడలదు. అందలి పిత్తామ్లములు వెనుకకు మరలి రక్తమున జేరును. దీనిని వైద్యులు గర్భకాలపు కొలెస్టాసిస్ అందురు. దీనికి గుర్తు దురద. అది పొక్కు లేని దురద, ముఖ్యముగా అరచేతులలోను అరికాళ్లలోను బుట్టి రాత్రి హెచ్చునది. సాధారణముగా ఏడవ నెల దాటిన పిమ్మట వచ్చును. కొందరికి మూత్రము చిక్కని పసుపువన్నె యగును, మలము పాలిపోవును. కొలదిమందికి కన్నులు పచ్చబడును. కన్నులు పచ్చబడినచో మన పల్లెలలో పసరు పోయుదురు, మణికట్టున వాత పెట్టుదురు. గర్భిణికి ఈ రెండును పనికిరావు. కవలలను మోయువారికిని, తల్లికి గాని తోబుట్టువులకు గాని యీ వ్యాధి వచ్చినవారికిని ఇది వచ్చుట హెచ్చు.

తల్లికి దీనివలన నిద్రలేమియు బాధయుగాని ప్రాణభయము లేదు. భయమెల్ల బిడ్డకే. పిత్తామ్లములు మాయను దాటి బిడ్డకు జేరును. అవి మితిమీరినప్పుడు బిడ్డ గుండె లయ తప్పి ఆకస్మికముగా నాగునని వైద్యుల యూహ. ఐదువేలమందికి పైబడిన యిట్టి గర్భిణుల వృత్తాంతములను సమకూర్చి 2019లో లాన్సెట్ అను వైద్యపత్రికలో నొక పరిశోధన ప్రకటించిరి. ఒక్క బిడ్డను మోయువారిలో, పిత్తామ్లముల కొలత 40కి లోపుగా నున్నచో మృతశిశు జననములు వేయింటికి ఒకటి రెండు మాత్రమే. ఇది వ్యాధి లేనివారికంటె హెచ్చు గాదు. కొలత 40కిని 100కును నడుమ నున్నచో వేయింటికి మూడు. కాని 100కు చేరిన పిమ్మట నూటికే మూడు నాలుగు. కావున దురద యెంత తీవ్రమైన దనుటకంటె రక్తములో కొలత యెంత యనుటయే ముఖ్యము. ఆ కొలత కంటికి దెలియదు, నాడికి దెలియదు. రక్తపరీక్షకే తెలియును. మొదటిసారి పరీక్షలో ఏమియు లేకపోయినను, దురద నిలిచియున్నచో ఒకటి రెండు వారములలో మరల చేయింపవలయును.

చికిత్స మాట. ఉర్సోడియాక్సికోలిక్ ఆమ్ల మను మాత్ర నిత్తురు. అది దురదను కొంత తగ్గించును. అయినను బిడ్డకు గల యపాయమును అది అంతగా తగ్గింపలేదని ఆరువందలమందిపై జరిగి 2019లోనే వెలువడిన మరియొక పరీక్షలో తేలినది. కాబట్టి మాత్ర మ్రింగుచున్నాము గదా యని నిశ్చింతగా నుండరాదు. ముఖ్యమైన చికిత్స తగిన వేళకు పురుడు పోయుటయే. బ్రిటను దేశపు ప్రసూతివైద్యుల సంఘము 2022లో ప్రకటించిన నియమములనుబట్టి, కొలత 100కు చేరినచో 35, 36 వారములకును, 40కిని 100కును నడుమ నున్నచో 38, 39 వారములకును, అంతకు దక్కువైనచో 40 వారములకును పురుడు పోయుదురు. మన వైద్యులు ఆయా గర్భిణి స్థితినిబట్టి నిర్ణయింతురు. “నెలలు నిండక మునుపే నొప్పులు దెప్పింతురా? ముహూర్తము బాగులేదే” యని అప్పుడు అడ్డుచెప్పువారము మనమే. ఆ యడ్డు చెప్పకుండుట మన మొదటి కర్తవ్యము.

చల్లని నీటితో స్నానము, వదులైన నూలుబట్టలు, వైద్యులు చెప్పిన చల్లని పూతలు దురదకు కొంత ఉపశమన మిచ్చును. చందనమును దోషము గాదు. చందనము పూసి పరీక్ష మానుట దోషము. పురుడైన కొన్ని దినములకో వారములకో దురద తనంతనే పోవును. కాని తరువాతి కాన్పునందు మరల వచ్చుట తరచు గనుక, ఆ కాన్పు మొదటనే వైద్యులకు ఈ సంగతి చెప్పవలయును.

మా చిన్నమ్మాయికి కొలత 40 దాటెను. వారమువారము పరీక్షించి, ముప్పదియేడు వారములు నిండిన పిమ్మట నొప్పులు దెప్పించి పురుడు పోసిరి. ఆడపిల్ల పుట్టినది. నేడు ఉన్నత పాఠశాలలో చదువుచున్నది. ఆనాడు పెద్దమ్మాయి సంగతి యేమని వైద్యురాలి నడిగితిని. “ఆనాటి రక్తమును ఈనాడు పరీక్షింపలేము గనుక నిశ్చయించి చెప్పజాలను. అదే యై యుండవచ్చును” అని యామె యనెను. పెద్దమ్మాయికి తరువాత 2013లో మరల గర్భమైనది, మరల దురద వచ్చినది. ఈసారి మేము తెల్లవారువరకు గూడ ఆగలేదు. ఆ బిడ్డయు దైవకృపచే క్షేమముగా నున్నాడు.

పెద్దలారా, ఇందు మనము చేయవలసిన పని స్వల్పము. ఇంట చూలాలున్నచో, “రాత్రి నిదుర పట్టుచున్నదా? అరచేతులు, అరికాళ్లు దురద పెట్టుచున్నవా?” యని ఇల్లాలిచేత నడిగింపుడు. కోడలు మామగారితో చెప్పదు. అత్తగారితో చెప్పుటకును జంకును. అడిగినచో చెప్పును. ఔననినచో ఆ మరునాడే ఆశా కార్యకర్తకు గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు గాని తెలిపి, కాలేయ పరీక్షయు పిత్తామ్లముల పరీక్షయు జరుగు ఆస్పత్రికి తీసికొనిపొండు. 2016 నుండి ప్రతినెల తొమ్మిదవ తేదీని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రములలో గర్భిణులకు ఉచితముగా వైద్యపరీక్ష చేయు ఏర్పాటు కలదు. అది మంచి యవకాశమే. కాని దురద పదవ తేదీని మొదలైనచో మరుసటి తొమ్మిదివరకు వేచియుండరాదు. బిడ్డ కదలిక తగ్గినట్లు తోచినచో ఆ గంటలోనే 108కి ఫోను చేసి బయలుదేరవలయును. బిడ్డ బాగుగా కదలుచున్నది గదా యని రక్తపరీక్షను వాయిదా వేయుటయు తగదు. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నవాడను గనుక, ఇంత గట్టిగా చెప్పుచున్నాను.

ఇంటికి వచ్చి చరకసంహితలోని ఆ ఘట్టమును నేను మరల చదివితిని. పదము లవియే గాని ఈసారి మరియొకటి కనబడినది. ఆత్రేయుడు ముందుగా స్త్రీలు చెప్పుకొను మాటను వినెను. తరువాత దానిని విచారించి, హేతువును వెదకెను. శాస్త్రమనగా విని వెదకుటయే. నేను వినలేదు, వెదకలేదు. వల్లించితిని. శాస్త్రమునం దా లోపము లేదు, నాయందే యుండెను.

మీ యింటి చూలాలు ఈ రాత్రి మేలుకొని యున్నదేమో, ఎందుకు మేలుకొన్నదో, ఒక్కసారి అడిగింపుడు.